నాలుగు మెట్లు కిందికి

ఫుట్‌బాల్ సీజన్‌లో ఆదివారం పొద్దున పూట మా ఇంట్లో బట్టలుతికే గదిలోకి ఎవరూ వెళ్లకూడదు. అమ్మ వంటింటి గోడకున్న ఫోన్ రిసీవర్ తీసుకుని, మెలికల వైరు సాగినంత మేర సాగదీసుకుంటూ ఆ గదిలోకి దూరి తలుపు వేసుకునేది. వాషింగ్ మెషీన్ మీద ఎక్కి కూర్చుని, అమెరికాలో ఉన్న కాలేజీ ఫుట్‌బాల్ జట్లన్నిటిలోంచి పాతిక ఏరి, అట్టడుగు నుంచి ఒకటో స్థానం దాకా వరసగా, ఓట్లు రాసుకునే అవతలి అమ్మాయికి చదివేది. తలుపు కింద సందులో వైరు కనబడేది కానీ మాట వినబడేది కాదు. బయటికొచ్చాక ఎవరిని ఎక్కడ పెట్టావని అడగకూడదు. నాన్న గుడ్లు వేయించేవాడు, నేను రొట్టెలు కాల్చేదాన్ని, అడగకుండా కూర్చునేవాళ్లం.

అమ్మ మా ఊరి పేపర్లో ఆటల పేజీ రాసేది. దేశం మొత్తమ్మీద అలా ఓటున్నవాళ్లు వందకు కాస్త పైన, అందరూ పెద్ద పెద్ద నగరాల వాళ్లే. నది ఒడ్డున మూడు చర్చిలూ ఒక యూనివర్సిటీ ఉన్న మా మార్లో ఫెర్రీ లాంటి ఊరి నుంచి ఓటున్నది అమ్మ ఒక్కతే. ఆ ఓటు కోసం ఎన్నేళ్లు ఉత్తరాలు రాసిందో నాన్నకే తెలుసు.

సమస్య ఏమిటంటే మా అన్న కోల్బీ మా ఊరి యూనివర్సిటీ జట్టులోనే ఆడేవాడు. జట్టు పేరు మ్యూల్స్. అవును, కంచరగాడిదలే. ఒకప్పుడు మా కాలవలో పడవల్ని లాగింది అవేనట, అందుకని మాకది గౌరవమే, బయటివాళ్లకి మాత్రం ఎప్పుడూ జోకే. కోల్బీ సెంటర్. అంటే ముందు లైన్‌లో మధ్యన నిలబడి, ప్రతిసారీ వంగి, బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించి, ఆ మరుక్షణం ఎదురుగా ఉన్న కొండలాంటి మనిషిని గుద్ది ఆపేవాడు. టీవీ వాళ్లు వాడి పేరు చెప్పేది తప్పు చేసినప్పుడే. నాలుగేళ్లలో రెండు సార్లు చెప్పారు.

అది వాడి ఆఖరి ఏడాది. ఆ ఏడాదే మ్యూల్స్ ఓడిపోవడం మానేశారు.

నేను అప్పుడే సిన్సినాటిలో కాలేజీలో చేరాను, స్టాటిస్టిక్స్. ప్రతి శుక్రవారం బస్సెక్కి ఇంటికి వచ్చేసేదాన్ని. ఆ రోజుల్లో లెక్క ఇలా ఉండేది: ఓట్లూ, కొన్ని కంప్యూటర్ల లెక్కలూ కలిపి జట్లకి వరస ఇచ్చేవాళ్లు. పెద్ద జట్లకి కొత్త సంవత్సరం రోజు ఆడే పెద్ద ఆటల్లో చోటు ఎలాగూ దొరుకుతుంది. మా లాంటి చిన్న జట్టుకి దొరకాలంటే ఒక్కటే దారి, ఆఖరి వరసలో మొదటి పన్నెండులో ఉండాలి. పదమూడైతే ఎక్కడో ఎవరూ చూడని చిన్న ఆట ఆడుకుని ఇంటికి రావాలి.

ఆ ఏడు మాకు చోటు దొరికితే ఆ పెద్ద ఆటలో అవతలి వైపు ఉండేది హాలిస్టర్ అనే పెద్ద యూనివర్సిటీ జట్టేనని అప్పటికే దాదాపు ఖాయమైపోయింది. హాలిస్టర్ కోచ్ ఒకడు కోల్బీ స్కూల్లో ఉన్నప్పుడు మా ఇంటికొచ్చాడు. వాణ్ణి వంటింటి గుమ్మానికి ఆనించి నిలబెట్టి టేపుతో కొలిచి, రెండంగుళాలు తక్కువన్నాడు. నాన్న తెల్లవారుజాము నుంచి పొగ మీద పెట్టిన మాంసం ముట్టకుండానే వెళ్లిపోయాడు. కోల్బీ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తడు. ఒక్కసారి మాత్రం, అక్టోబర్‌లో, నాతో ఊరికే అన్నట్టు అన్నాడు: "వాళ్ల ముందు ఒక్క ఆట వంగి బంతి పట్టుకోవాలే బ్రిన్. గెలిచినా ఓడినా పర్లేదు. ఒక్క ఆట."

అప్పట్నుంచి నాకు నిద్ర లేదు, నిజంగా. కంప్యూటర్ల లెక్కలో మ్యూల్స్ ఎప్పుడూ ఏడో స్థానం దగ్గర ఉండేవాళ్లు. ఓట్లలో పద్దెనిమిది. ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే పాట: వీళ్లు ఎవరితో ఆడారు గనక? పెద్ద జట్లు మాతో ఆడటానికి రావు, పిలిస్తే ఫోన్ ఎత్తవు, మళ్లీ వాళ్లే ఎవరితో ఆడారని అడుగుతారు. పెద్ద జట్టు ఓడితే రెండు మెట్లు దిగుతుంది, చిన్న జట్టు ఓడితే వరసలోంచే మాయమైపోతుంది. అసలు సీజన్ మొదలవకముందే, ఎవడూ బంతి ముట్టకముందే, ఆగస్టులో ఒక వరస వేసేస్తారు. ఇంక మూడు నెలలూ ఆ వరసనే కాస్త అటూ ఇటూ జరుపుతారు. అంతే.

నేనొక పని చేశాను. హాస్టల్లో ముప్ఫై మంది అమ్మాయిల్ని కూర్చోబెట్టి, జట్ల పేర్లు చెప్పకుండా గెలుపోటములూ స్కోర్లూ మాత్రమే ఇచ్చి వరస వెయ్యమన్నాను. మ్యూల్స్ ఆరో స్థానంలో వచ్చారు. వారం తర్వాత అవే అంకెలు, ఈసారి పేర్లతో ఇచ్చాను. పద్దెనిమిది. అదే అమ్మాయిలు, అవే అంకెలు. నేను ఆ కాగితాలు పట్టుకుని బస్సులో కూర్చోలేకపోయాను, ఇల్లు ఎప్పుడొస్తుందా అని.

నవంబర్ నడుమ ఆదివారం అది. అప్పటికి ఓట్లు కాస్త కదిలి మొత్తం మీద పదమూడుకి వచ్చాం. నాన్న స్పగెట్టి మీద చిల్లీ పోసి, మీద చీజ్ గుట్టగా తురిమాడు. నేను తింటూనే మొదలుపెట్టాను. పేర్లు తీసేస్తే ఆరు, పేర్లు పెడితే పద్దెనిమిది, అంటే పన్నెండు మెట్లు ఉత్త పేరుకే పోతున్నాయన్నాను.

"పోనీలే, మనింట్లో ఒక ఓటుందిగా" అన్నాడు కోల్బీ నోటినిండా పెట్టుకుని, అమ్మ వైపు చూసి కన్నుగీటుతూ. "అదొక్కటైనా సరిగ్గా పడుతుంది."

అమ్మ ఫోర్క్ కింద పెట్టింది. "నా ఓటు లెక్కలో వేసుకోకు."

"అదేంటి?"

"నువ్వు జట్టులో చేరిన రోజు నుంచీ మీరు ఎక్కడుండాలని నాకనిపిస్తే అక్కడి నుంచి నాలుగు మెట్లు దింపి చెబుతున్నాను."

తినే ముందు చేతులు కడుక్కుంటానని చెప్పినట్టు చెప్పింది. అందులో కొంచెం గర్వం కూడా ఉంది.

"నాలుగేంటి? మూడు ఎందుక్కాదు?" అన్నాడు నాన్న.

"మూడైతే తల్లి ప్రేమ ఇంకా కాస్త మిగిలిపోతుందేమోనని."

కోల్బీ నవ్వాడు, జోకనుకుని. ఎవరూ నవ్వకపోయేసరికి ఆగాడు. అసలు మేం ఎక్కడుండాలని నీకనిపిస్తోంది అని అడిగాడు.

"ఎనిమిది" అంది అమ్మ. "మీ లైన్ లాంటి లైన్ ఈ ఏడాది ఇంకెక్కడా చూడలేదు. మధ్యలో నిలబడేవాడు కదలడు."

మధ్యలో నిలబడేవాడు వాడే. వాడి మొహం మెడ దాకా ఎర్రబడిపోయింది. నాలుగేళ్లలో అమ్మ వాడి ఆట గురించి వాడి ఎదురుగా ఒక్క మాట అనలేదు. పేపర్లో కూడా వాడి పేరు రాయాల్సొస్తే పక్క డెస్క్ వాళ్ల చేత రాయించేది. ఆ రాత్రి గిన్నెలు తుడుస్తూ "ఎనిమిదటే" అని నాతో రెండు సార్లు అన్నాడు. నాలుగు మెట్ల సంగతి వాడికి అప్పటికింకా ఎక్కలేదు.

అమ్మ పద్ధతులు అన్నీ అంతే. పాత్రికేయులు కూర్చునే అద్దాల గదిలో ఎవరూ ఎవరి కోసమూ అరవకూడదు, చప్పట్లు కొట్టకూడదు. దేశంలో ఏ స్టేడియంలోనైనా అదే నియమం. మిగతా తల్లులు కొడుకుల ఫొటోలతో అరచేతి వెడల్పు బిళ్లలు కోటుకి పెట్టుకుని కింద మెట్ల మీద గొంతులు చించుకుంటుంటే, అమ్మ పైన అద్దం వెనక కాగితాల ముందు బిగుసుకుని కూర్చునేది. ఆట అయ్యాక కోల్బీ హెల్మెట్ తీసి, తలెత్తి ఆ అద్దాల వైపు చూసేవాడు. అమ్మ కళ్లజోడు తీసి తుడుచుకునేది. అంతే. మైదానంలోంచి చూస్తే అద్దం వెనక ఎవరో కళ్లజోడు తుడుచుకుంటున్నారు, అందులో ఎవరూ తప్పుపట్టేదేం లేదు. వాళ్లిద్దరికీ మాత్రం అది చాలేది.

ఆఖరి రెండు వారాల్లో ఊరికి పిచ్చెక్కింది. ప్రతి వారం ఓట్లు రహస్యమే కానీ ఆఖరి ఓటు మాత్రం ఎవరు ఎలా వేశారో పేర్లతో సహా బయటపెడతారు. ఆ సంగతి అందరికీ తెలుసు. టిఫిన్ హోటల్ యజమాని రూడీ బయట బోర్డు మీద అమ్మ పేరుతో పెద్దక్షరాలు పెట్టాడు: "మార్లీన్, నీ ఇల్లు మాకు తెలుసు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి." ఫాదర్ ప్రసంగంలో ధైర్యం గురించి మాట్లాడుతూ మా బెంచీ వైపే చూశాడు. మ్యూల్స్ కోచ్ భార్య పీకాన్ పై అనే తీపి వంటకం పంపింది. అమ్మ మూత కూడా తీయకుండా, థాంక్స్ అని చీటీ పెట్టి నా చేత వెనక్కి పంపించింది. కోచ్‌ల ఇంటి తిండి తినకూడదట. అది కూడా నియమమే. దార్లో వాసన చూసి నాకు ఏడుపొచ్చింది.

ఇంకోవైపు డ్వేన్ ప్రూయిట్. రేడియోలో రోజూ ఫుట్‌బాల్ మాట్లాడేవాడు, వాడికీ ఓటుంది. హాలిస్టర్‌లో చదువుకుని హాలిస్టర్ టై కట్టుకుని హాలిస్టర్‌ని ప్రతి వారం ఒకటో స్థానంలో పెట్టేవాడు, దాన్నెవరూ ఏమీ అనలేదు. ఆ వారం మాత్రం అన్నాడు: "గాడిదల ఊళ్లో ఒకమ్మ ఉందండీ. పిల్లాడికి అన్నం తనే పెడుతుంది, ఓటూ తనే పెడుతుంది." ఆ మాట నాన్న ట్రక్కులో వెళ్తుంటే విన్నాం. అమ్మ రేడియో కట్టెయ్యలేదు. చివరిదాకా విని, వాడి ఉచ్చారణ బాగుందంది.

ఆ రాత్రే నేను గొడవపెట్టుకున్నాను. కిందికి దింపడం కూడా పక్షపాతమేనమ్మా, తిరగేసిన పక్షపాతం అన్నాను. తెలుసంది. తెలిసీ ఎందుకు మరి అంటే, "పైకి నెట్టినవాళ్లని చూసి లోకం నవ్వుతుంది. కిందికి లాగినవాళ్లని ఎవరూ ఏమీ అనరు" అంది. అది న్యాయం కాదు, నీ పేరు కాపాడుకోవడం అన్నాను. ఈ పేరు లేకపోతే ఇలాంటి ఊరికి ఆ ఓటు ఇంకెప్పుడూ రాదంది. నాన్న మెల్లగా, అయితే ఓటు వదిలేస్తే పోలేదా మార్లీన్, అన్నాడు. వదిలేస్తే ఆ కుర్చీలో ఇంకో ప్రూయిట్ కూర్చుంటాడంది. ఆమె చెప్పిన ప్రతి మాటా సరిగ్గానే ఉంది, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆఖరి ఆట మంచులో జరిగింది. మూడో క్వార్టర్‌లో మైదానం మీద గీతలు కనబడక, పిల్లలు చీపుర్లతో ఊడ్చారు. మ్యూల్స్ గెలిచారు. సీజన్ మొత్తం ఒక్కటీ ఓడలేదు. కోల్బీ హెల్మెట్ తీశాడు, తలలోంచి ఆవిరి లేస్తోంది, అద్దాల వైపు చూశాడు. అమ్మ కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచింది.

మర్నాడు పొద్దున కోల్బీ ఇంట్లోనే ఉన్నాడు, సాక్సులతో వంటింట్లో, రెండు చేతుల్తో కాఫీ కప్పు పట్టుకుని. అమ్మ రిసీవర్ తీసుకుని గదిలోకి వెళ్లింది. ఆ రోజు తలుపు వేసుకోలేదు.

మొదట మాకు అర్థం కాలేదు. నాన్న పొయ్యి కట్టేశాడు. అమ్మ మెషీన్ మీద కూర్చుని, మా వైపు చూడకుండా, మామూలు గొంతుతో చదవడం మొదలుపెట్టింది. ఇరవై అయిదు. ఇరవై నాలుగు. ఇరవైల్లో మేం లేం. పదిహేను దాటింది, పద్నాలుగు దాటింది. పదమూడు ఇంకెవరో. నేను కోల్బీ చెయ్యి పట్టుకున్నాను.

"పన్నెండు, మ్యూల్స్" అంది అమ్మ. అవతలి అమ్మాయి ఏదో అడిగినట్టుంది. "అవును, పన్నెండే" అంది.

తర్వాత పదకొండు, పది, తొమ్మిది. ఎనిమిది దగ్గర, ఆ ఏడాది రెండు ఆటలు ఓడిన ఒక పెద్ద జట్టు పేరు చదివింది. ఒకటో స్థానం దాకా అదే గొంతు.

కోల్బీ కాఫీ సింకులో పారబోశాడు. బూట్లు తొడుక్కుని బయటికి వెళ్లాడు. కాసేపటికి కిటికీలోంచి చూస్తే అమ్మ కారు అద్దం మీద మంచు గీకుతున్నాడు, మూలల్లో కూడా ఎక్కడా వదలకుండా. అమ్మ ఆఫీసుకి బయల్దేరి బయటికి రాగానే తాళాలు చేతికిచ్చాడు. రోడ్డు జారుతోంది, మెల్లగా వెళ్లు అన్నాడట.

ఆ సాయంత్రం టీవీలో వరస ఇచ్చారు. మ్యూల్స్ పదమూడు. పన్నెండుకీ పదమూడుకీ మధ్య తేడా ఎంత చిన్నదంటే, టీవీ వాళ్లు దాన్ని చూపించడానికి దశాంశంలో ఇంకో అంకె కలపాల్సొచ్చింది. హాలిస్టర్ ఎదురుగా ఆ రెండు ఆటలు ఓడిన జట్టే వెళ్తోంది.

నేను పెన్సిల్ కోసం డ్రాయర్ తెరిచాను.

"అక్కర్లేదు బ్రిన్, నేను చేశాను" అంది అమ్మ. కోటు కూడా విప్పకుండా సోఫా అంచున కూర్చునుంది. "నాలుగు పాయింట్లు ఉంటే సరిపోయేది."

ఒక ఓటులో ఒక మెట్టుకి ఒక పాయింట్. ఆ సంగతి మా ఇంట్లో కుక్కకి కూడా తెలుసు.

"నువ్వు మేం ఎనిమిది అన్నావు" అన్నాడు కోల్బీ.

"అవును."

"ఇప్పటికీ అదే అంటావా?"

"నిన్నటి ఆట చూశాక కూడా అదే అంటాను."

వాడు తలూపాడు. "నాకు అందులో తల్లి ప్రేమేం అక్కర్లేదమ్మా" అన్నాడు. గొంతు పెంచలేదు. "ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఎంత ఇస్తావో అంత ఇస్తే చాలు."

"న్యాయంగా ఉండాలని..." అంది అమ్మ. ఆ మాట సగంలోనే ఆగిపోయింది. కోల్బీ టోపీ పెట్టుకుని జట్టువాళ్ల దగ్గరికి వెళ్లాడు.

మర్నాడు ఓట్లన్నీ బయటికొచ్చాయి. ప్రూయిట్ మమ్మల్ని ఇరవై నాలుగో స్థానంలో పెట్టాడు. ఇద్దరు అసలు వరసలోనే పెట్టలేదు. అందులో ఒకాయన, చిన్న జట్ల ఆటలు తన ఊళ్లో టీవీలో రావని చెప్పాడు. అమ్మ తన ఓటుని మా పేపర్లో ఆటల పేజీలో అన్నిటికంటే పైన తనే వేయించుకుంది. వద్దని ఎడిటర్ బతిమాలాడట. మమ్మల్ని అడుక్కి తోసినవాళ్ల మొహాలు మా ఊళ్లో ఎవరికీ తెలియవు. తెలిసిన మొహం అమ్మదే. రూడీ బోర్డు మీద అక్షరాలు తీసేశాడు, కొత్తవి పెట్టలేదు. ఏం తిట్టు రాస్తాడోనని నేను ఇంటికొచ్చినప్పుడల్లా చూసేదాన్ని, ఖాళీగానే ఉండేది. అమ్మ హోటల్లోకి వెళ్తే కాఫీ పోసేవాళ్లు, మర్యాదగానే. మాట్లాడేవాళ్లు కాదు.

కోల్బీ మాట్లాడేవాడు. ఉప్పు ఇటివ్వు, కారు ఎప్పుడు కావాలి, అలాంటివన్నీ. ఆట గురించి మాత్రం కాదు.

డిసెంబర్ చివర్లో మ్యూల్స్‌కి దొరికిన చిన్న ఆట అలబామాలో, సముద్రం దగ్గర. మేం ముగ్గురం ట్రక్కులో వెళ్లాం. అక్కడికెళ్లాక తెలిసింది, అమ్మ పాత్రికేయుల పాస్ తీసుకోలేదని. పక్క డెస్క్ వాళ్లని పంపి, కోల్బీకి కూడా చెప్పకుండా తను టికెట్ కొనుక్కుంది. సగం ఖాళీ స్టేడియం, వెచ్చటి వాన, ప్లాస్టిక్ కోట్లు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. మ్యూల్స్ తల్లులందరూ ఒక వరసలో ఉన్నారు. మేం వెళ్లేసరికి కాస్త జరిగారు, ఎక్కువేం కాదు. నాన్న జేబులోంచి ఒక బిళ్ల తీశాడు. కోల్బీ మొదటి ఏడాది ఫొటో, బుగ్గల మీద మొటిమలతో. అప్పుడే చేయించి నాలుగేళ్లుగా ట్రక్కులో దాచాడట. అమ్మ దాన్ని కోటుకి తనే పెట్టుకుంది, సూది రెండు సార్లు వేలికి గుచ్చుకుంది.

అరవడం ఆమెకి రాలేదు. నిజంగా రాలేదు. అందరూ లేచి గోల చేస్తుంటే తనూ లేచేది, నోరు తెరిచేది, మళ్లీ మూసేది. ఒకసారి మాత్రం, కోల్బీ ఇద్దరిని ఒకేసారి తోసి దారి చేస్తే, "మంచి బ్లాక్" అంది, పక్కనున్న నాకు మాత్రమే వినబడేట్టు. చెయ్యి కాగితం కోసం ఒళ్లో వెతుక్కుంటోంది.

గెలిచారు. చాలా తేడాతో గెలిచారు. కుర్రాళ్లు వానలో ఒకరి మీద ఒకరు పడి దొర్లుతున్నారు. నేను కోల్బీని మాత్రమే చూస్తున్నాను. వాడు గుంపులోంచి బయటికొచ్చాడు. హెల్మెట్ తీశాడు. ఈసారి చూడడనే అనుకున్నాను. చూడకపోతే వాడి తప్పేం లేదనుకున్నాను.

అమ్మ అప్పటికే లేచి నిలబడి కళ్లజోడు తీసేసింది. కళ్లజోడు లేకపోతే ఆమెకి పది అడుగుల అవతల మనిషికీ స్తంభానికీ తేడా తెలియదు. తడి కోటుకే అద్దాలు తుడుస్తోంది, అవి ఇంకా మసకబారుతున్నాయి.

"చూస్తున్నాడా?" అంది.

కోల్బీ తలెత్తాడు. వాన కళ్లల్లో పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, మైదానానికి అవతలి వైపు, పైన, పాత్రికేయుల గది అద్దాల్లో ఒక్కొక్క అద్దాన్నీ వెతుకుతున్నాడు.

"చూస్తున్నాడమ్మా" అన్నాను.

అమ్మ ఇంకా గట్టిగా తుడవడం మొదలుపెట్టింది.